తొలకరి లెక్క

జొన్నగిరి చేలల్లో మొదటి వాన పడితే
ఊరు ఊరంతా తల వంచుకొని నడుస్తాది.
బళ్లారి నుంచి, గుత్తి నుంచి, యాడ్నుంచో వచ్చినోళ్లు
ఎర్రమట్టిలో ఒక్క మెరుపు కోసం
కళ్లు కాయలు కాసేలా వెతుకుతారు.
ఆ గుంపులో నా కొడుకొకడు
నాలుగు రాత్రులు రెప్ప వాల్చకుండా తిరిగితే
ఎవరికి తెలుస్తాది, అది జబ్బని?

ఉరుకుందు వాని పేరు.
ఈరన్నసామికి మొక్కుకొని పెట్టింది.
పేరులోనే ఉరుకుంది గదా అని నవ్వేదాన్ని,
రోడ్డు పక్కన తడికె కింద
వజ్రాలోళ్లకు ఉగ్గాని కలుపుతా.

ఆ ఏడు వాడు పదో తరగతి.
మాట తెగకముందే ఇంకో మాట.
ఊరికి పైపుల నీళ్లు తెస్తానంటాడు,
నాకు రెండంతస్తుల హోటలు కట్టిస్తానంటాడు,
కొత్త సైకిలు తీసుకపోయి
పేరు తెలీని మనిషికిచ్చి వచ్చినాడు.
వాళ్లనాయన అడిగితే కొట్టేదానికి మీదికి పోయినాడు,
మళ్లీ ఆయన కాళ్ల మీదనే పడి ఏడ్చినాడు,
పొయ్యి మీద ఎసరు కాగేలోపల ఇదంతా.
"హుషారైన పిల్లోడు, దొరుకుతాదిలే వీనికి"
అన్నారు జనాలు, తింటా తింటా.
నాకూ ఆశే. అబద్ధమెందుకు.
వాడు తెచ్చిన రాళ్లు మూడు డబ్బాలు.
ఒకటి నేనూ కొంగున ముడేసుకున్నా,
ఎవరూ చూడకుండా.

శ్రావణానికి వాడు మంచం దిగలేదు.
సంగటి ముద్ద
పెట్టింది పెట్టినట్టే గట్టిపడింది.
సారు సోమరన్నాడు.
అవ్వ తాయెత్తు కట్టింది.
వాళ్లనాయన ఫోను గుంజుకొని బీరువాలో పెట్టినాడు.
ఒకనాడు గోడవైపు తిరిగే అన్నాడు:
"మా, నేను లేకుంటే
నీకు కడిగే పళ్లెం ఒకటి తగ్గుతాది కదా."
ఆ మాటతోనే ఆటో పిలిపించినా.

కర్నూలు పెద్దాసుపత్రి. చీటీ వరసలో మూడు గంటలు.
డాక్టరమ్మ మొదట అడిగింది:
"రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతాడు?"
పదైదేండ్లు సాకినా. తెలీదన్నా.
"మీ ఇంట్లో ఇట్లా ఇంకెవరైనా?"
నా తమ్ముడు గిడ్డయ్య
బాయిలో కాలు జారి పడినాడని
ఇరవై ఏండ్లుగా చెప్పుకుంటున్న మాట
ఆ గదిలో మొదటిసారి
సరిగ్గా చెప్పినా.

బైపోలార్ అనింది ఆమె.
"పిల్లల్లో దీన్ని తొందరపడి రాయకూడదు,
చూస్తా చూస్తా రాయాల" అని
పెన్సిలుతో రాసింది.
కొవ్వెక్కి కాదంట. నా పెంపకమూ కాదంట.
మాత్రలిచ్చింది.
రాయిలోంచి తీసే ఉప్పంట అది,
నీళ్లు బాగా తాగాలంట,
చెప్పినప్పుడల్లా వచ్చి నెత్తురు చూపించుకోవాలంట.
"రాయిలోంచా?" అని వాడు తలెత్తినాడు.
నెల దినాల తర్వాత
ఆ మొగంలో ఏదో కదిలింది.

నాకు రాత రాదు.
వాడు నిద్రపోయిన గంటకొక రాయి
పచ్చడి సీసాలో వేస్తా. వాని రాళ్లే.
ఎనిమిదుంటే ధైర్యంగా పొయ్యి ముట్టిస్తా.
ఐదే ఉంటే, వరసగా రెండు రాత్రులు ఐదే ఉంటే,
డాక్టరమ్మకు ఫోను చేయిస్తా.
ఐనా ఒకటి చెప్పాల:
వాడు మూలన కూచుంటే భయం సరే,
నవ్వినా భయమే ఇప్పుడు నాకు.
మొన్న కబడ్డీ గెలిచి అరుస్తా ఇంట్లోకొస్తే
నా చెయ్యి సీసా మీదికి పోయింది.
వాడు చూసినాడు.
"మా, ఇది ఉత్త సంతోషమే మా" అన్నాడు.
ఏం చెప్పాల్నో తోచక
ఉల్లిగడ్డలు తరుగుతా కూచున్నా.

మళ్లీ తొలకరి వచ్చింది.
"ఒక గంట పోయొస్తా" అన్నాడు.
నేనూ చెంగు చెక్కుకొని వెంట పోయినా.
బురద. రాళ్లు. పక్కన ఎవరిదో చిరిగిన గొడుగు.
ఏమీ దొరకలే.
మోడం కమ్మేటప్పుడు వాడు
నోరంతా తెరిచి ఆవులించినాడు.
జనమంతా నేల చూస్తాండారు.
నేను
ఆ ఆవులింతనే చూస్తా నిలబడినా.